ఉరుము తర్వాత ఇరవై నిమిషాలు

మా ఆయన కిషోర్‌కు అబద్ధం ఆడటం రాదు. ఆడబోతే చెవులు ఎర్రబడతాయి. మా పెళ్ళిలో బిందెలో ఉంగరం ఎవరు తీశారని పెద్దవాళ్ళు అడిగితే, "నేనే, కానీ తనే వదిలేసింది" అని పందిరంతా వినేటట్టు చెప్పిన మనిషి. అలాంటివాడు తొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. నోటితో ఆడలేదు, ప్రోగ్రాములో రాసి పెట్టాడు. ఇన్నేళ్ళలో దాని మీద ఎవరి కన్నూ పడలేదు.

ఆ సంగతి తెలియాలంటే ముందు మా బెల్టు గురించి తెలియాలి. బస్తర్‌లో కిరండూల్, బచేలీలవి పెద్ద గనులు, వాటి పేర్లు అందరూ విన్నవే. మాది వాటికి అవతల, ఒక ప్రైవేటు వాళ్ళ చిన్న గని. కొండ మీద తవ్విన ఇనుప రాయి కింద రైలు దగ్గరికి ఒక పొడవాటి రబ్బరు బెల్టు మీద దిగుతుంది. పగలూ రాత్రీ దాని హోరు వినిపిస్తూనే ఉంటుంది. కాలనీలో కాపురం పెట్టిన కొత్తలో నాకు తలనొప్పి వచ్చేది, తర్వాత అది ఉందన్న సంగతే మరిచిపోయాను. ఆ బెల్టును నడిపే సాఫ్ట్‌వేర్ మా ఆయన రాసిందే. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఆ పని కాంట్రాక్టుకు తీసుకుంది. దాని తరఫున ఆయన ఇక్కడే ఉండి చూసుకుంటాడు. నా పేరు భానుశ్రీ, కాలనీ బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను.

వానాకాలంలో పిడుగుల భయం కదా, ఉరుము దగ్గరికి రాగానే బెల్టు దానంతటదే ఆగుతుంది. ఉరుము దాటిపోయాక మళ్ళీ కదులుతుంది. కొండ సగం దిగాక ఒక వంపు ఉంది. అక్కడ బెల్టు నడుమెత్తులోనే, నేలకు బాగా దగ్గరగా పోతుంది. దానికి ఇటు పక్క ఊళ్ళు, అటు పక్క సర్గీ, అంటే సాల చెట్ల అడవి. తొలకరి ఉరుములకు ఆ చెట్ల కింద బోడా పుడుతుంది. బోడా అంటే మట్టిలో గోలీకాయల్లా దొరికే పుట్టగొడుగు. బస్తర్‌లో దాని ముందు మాంసం కూడా దిగదుడుపే. ఆ రోజుల్లో జగదల్‌పూర్ వ్యాపారులు జీపులేసుకొని దాని కోసం మా దాకా వస్తారు. ఉరిమిందంటే చాలు, ఊళ్ళలో ఆడవాళ్ళు బుట్టా పుల్లా పట్టుకొని బయల్దేరతారు. ముందు వెళ్ళినవాళ్ళదే బోడా. చుట్టు తిరిగి వెళ్ళే దారి చాలా దూరం. బెల్టు ఎలాగూ ఆగింది కదా అని దాని మీదికెక్కి అటు దూకుతారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక వానలో ఆయన ఏదో సెన్సారు చూడటానికి ఆ వంపు దగ్గరికి వెళ్ళాడు. గంగే అనే ముసలామె బెల్టు దిగబోతుండగా అది కదిలింది. సైరన్లు పై చివరా కింది చివరా ఉంటాయి, వానలో వంపు దాకా వినిపించవు. ఆమె చీర కొంగు రోలర్లో పడింది. బెల్టు పొడుగునా పక్కనే ఒక ఎర్ర తాడు ఉంటుంది, ఎవరు లాగినా బెల్టు ఆగుతుంది. లాగితే కంపెనీ గార్డులొచ్చి పట్టుకుంటారని ఊరివాళ్ళు దాన్ని ముట్టుకోరు. ఆయన ఆ తాడు లాగాడు. గంగే బతికింది గానీ చీర మిగల్లేదు. ఆ పూట ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చొని, ముద్ద ముట్టకుండా లేచిపోయాడు.

పైవాళ్ళకు చెప్పాడు. కంచె వేయించారు. ఊరివాళ్ళు దాన్ని కోసి గొడ్లపాకలకు పట్టుకుపోయారు. మళ్ళీ చెబితే, "వాళ్ళు రాకూడని చోటికి వస్తుంటే మనమేం చేస్తాం కిషోర్?" అన్నారు. అప్పుడాయన ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. ఉరుముకు ఆగిన బెల్టు, ఉరుము దాటిపోయాక కూడా ఇంకో ఇరవై నిమిషాలు కదలకుండా రాశాడు. సైరన్ వినపడకపోయినా, ఆ వ్యవధిలో అందరూ దాటేస్తారని. ప్రోగ్రాములో ఏది రాసినా ఎందుకు రాశారో పక్కన చెప్పాలి, అది వాళ్ళ ఆచారం. బోడా ఏరుకునే ఆడవాళ్ళ కోసమని రాస్తే ఎవరు ఒప్పుకుంటారు? "తడి సెన్సారు ఆరడానికి" అని రాశాడు. ఆ వృత్తిలో అందరూ ఇలాంటివి చేస్తారట, ఉన్న కారణం ఒకటి, పైకి రాసే కారణం ఒకటి. "చదివేవాడెవడు భానూ?" అని నవ్వేవాడు. నిజమే, చదివేవాడు లేడు.

పోయిన సంక్రాంతి దాటాక చదివేవాడు వచ్చాడు.

విశాఖ ఆఫీసు వాళ్ళు ఏఐని తెచ్చారు. దానికేదో ముద్దుపేరు కూడా పెట్టారు. నేను మాత్రం కొత్తల్లుడు అన్నాను. కొత్తల్లుడికి చేసినట్టే మర్యాదలు చేశారు మరి. ఆయన రాసిన ప్రతి ప్రోగ్రామూ, బెల్టు ఆగినప్పుడల్లా యంత్రాలు నమోదు చేసుకున్న రికార్డులూ, పాత మెయిళ్ళూ, అడిగిందల్లా వడ్డించారు. మా ఆయన టీములో ఆరుగురుండేవారు. ఉగాది నాటికి ఇద్దరు మిగిలారు. ఆయన పక్క సీట్లో పదేళ్ళు కూర్చున్న సంజయ్ కూడా వెళ్ళిపోయి, జగదల్‌పూర్‌లో బావమరిది మొబైల్ కొట్లో కూర్చుంటున్నాడు. ఆఖరికి ఈయన ఒక్కడే. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది కాబట్టి ఉంచామన్నారు. పనల్లా కొత్తల్లుడు రాసింది చదివి, బాగుంటే "సరే" అని నొక్కడం.

మొదట్లో ఆయన మురిసిపోయాడు. "నాకు నెల పట్టేది, నేను భోంచేసి వచ్చేలోపు చేసి పెడుతోంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. తర్వాత ఆ ముచ్చట తగ్గింది. ఆయన ఎక్కడ తప్పు పట్టినా అది "మీరు చెప్పింది నిజం" అనేది, ఆ తప్పు మళ్ళీ చేసేది కాదు. అలా పట్టుకోవడానికి తప్పులే లేకుండా పోతున్నాయి. ఒకరోజు పొద్దుటి నుంచి నొక్కీ నొక్కీ ఇంటికొచ్చాడు. కూరలో ఉప్పు చాలిందా అని అడిగితే "సరే" అన్నాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. మా అమ్మాయి దేవిశ్రీ విశాఖలో ఇదే చదువు చదువుతోంది. దాని ఫోన్ వస్తే ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. నాకు భయం పట్టుకుంది.

ఎండలు ముదిరాక కొత్తల్లుడు ఆ ప్రశ్న అడిగాడు. ఆయన తెలుగులో రాసుకుంటాడని కనిపెట్టి తెలుగులోనే అడిగాడు. ఆయన లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"కిషోర్ గారూ, ఉరుము దాటిపోయాక కూడా బెల్టు ఇరవై నిమిషాలు ఆగుతోంది. తడి సెన్సారు ఆరడానికని రాసి ఉంది. రికార్డుల్లో చూస్తే సెన్సారు వెంటనే ఆరుతోంది. అసలు కారణం మీకు తెలిస్తే చెప్పగలరా? లేకపోతే దీన్ని తొలగించమని సూచిస్తాను."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. యంత్రం ముందు కూడా ఎర్రబడతాయని నాకు అప్పుడే తెలిసింది.

"ఇప్పుడేటి చెప్పమంటావు?" అన్నాడు.

"ఇంకో కారణం చెప్పండి. బ్రేకులు తడిశాయనండి, ఆరాలనండి. బెల్టు సంగతి మీకంటే వాళ్ళకెక్కువ తెలుసా?"

"వాళ్ళకి తెలీదు. దీనికి తెలుసు."

అయినా బ్రేకులని రాశాడు. పొయ్యి మీద టీ పొంగకముందే జవాబు వచ్చింది. బ్రేకులు తడిసిన రోజులన్నీ తీసి, అవెంత తొందరగా ఆరాయో చూపించి, ఈ కారణాన్ని రికార్డులు బలపరచడం లేదంది. మర్నాడు మోటార్ల మీదికి నెట్టి చూశాడు. దానికీ అంతే. కోపం లేదు, వెటకారం లేదు, ప్రతిసారీ ధన్యవాదాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఈ తన్నేవాడికి కాళ్ళు కూడా లేవు.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకండీ ఈ తిప్పలు? నిజం చెప్పేయండి. ఆడవాళ్ళు దాటుతున్నారు, బెల్టు కదిలితే చస్తారు, అందుకని ఆపాను అనండి. ప్రాణాలని చెప్పాక కూడా తీసేయమంటారా ఎవరైనా?"

"అబద్ధం కాబట్టే ఇన్నాళ్ళు నిలిచింది భానూ. నిజమైతే ఎవడో ఒకడు దాన్ని నెత్తినెత్తుకోవాలి. ఎవడెత్తుకుంటాడు?"

"చెప్పకపోతే ఎలాగూ తీసేస్తుంది కదా."

ఆ సాయంత్రం ఆయన కూర్చొని మొత్తం రాశాడు. ఎక్కడ దాటుతారు, ఏ ఊళ్ళ వాళ్ళు, గంగే చీర, కంచె, బోడా, తను రాసిన అబద్ధం, అన్నీ. నిజం చెప్పమన్నది నేనే. ఇప్పుడడిగినా అదే చెబుతాను, కానీ అంత గట్టిగా చెప్పలేను.

"ఇది చాలా విలువైన సమాచారం. రికార్డుల్లో ఎక్కడా లేదు" అని జవాబిచ్చాడు కొత్తల్లుడు. మూడు దారులు కూడా చూపించాడు. వంపు దగ్గర చిన్న కాలివంతెన కట్టడం మేలన్నాడు. అది కుదరకపోతే ఇరవై నిమిషాలు అలాగే ఉంచవచ్చు. రెండూ వద్దనుకుంటే, ఆ వ్యవధి తీసేసి, హెచ్చరిక బోర్డులు పెట్టి, పంచాయతీకి నోటీసు ఇవ్వవచ్చు. ఆయన ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడు. "వంతెన అన్న మాట నాకే తట్టలేదు చూడు" అని దాన్ని మెచ్చుకున్నాడు కూడా.

ఆ వారంలోనే తేజ ఫోన్ చేశాడు. తేజ విశాఖలో ఆయన పై మేనేజరు. వయసులో బాగా చిన్న, ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నాడు, అందుకే ఇప్పటికీ సార్ అంటాడు. ఆయన ఫోను స్పీకర్లో పెట్టాడు.

"సార్, మూడోది ఓకే చేశారు. బోర్డులు."

"వంతెన?"

"బడ్జెట్ లేదన్నారు సార్. ఇరవై నిమిషాలు ఉంచుదామంటే లీగల్ వాళ్ళు ఒప్పుకోలేదు. జనం దాటుతున్నారని మనకి తెలీనప్పుడు వేరు. ఇప్పుడు తెలుసని మీరే రాసిచ్చారు కదా. తెలిసీ బెల్టు ఆపి ఉంచితే, దాటండని మనమే చెప్పినట్టు అవుతుందట. రేపేమైనా అయితే కేసు మన మీదికే వస్తుందట."

"బోర్డు చదివి ఆగిపోతారా తేజా? హిందీలో రాసి పాతేస్తారు. అక్కడ దాటేవాళ్ళకి చదువెక్కడిది?"

"అప్రూవల్ మీకే వస్తుంది సార్. నొక్కేయండి."

"నొక్కను."



"మీరు నొక్కకపోతే నేను నొక్కాలి సార్. నేను నొక్కకపోతే నా సీట్లోకి వచ్చేవాడు నొక్కుతాడు. ఇన్నేళ్ళు తప్పుడు కారణం రాశారని మీ మీద ఆల్రెడీ పైన మాట్లాడుకుంటున్నారు. మిమ్మల్ని జూన్ నెలాఖరు దాకానే ఉంచుతామన్నారు. నేను చెప్పి చూశాను సార్, వినలేదు."

తేజను తిడదామని నోరు తెరిచి ఊరుకున్నాను. ఇరవై నిమిషాలు తీసేయడానికి "సరే" అని నొక్కింది తేజే. మర్నాడు వంపు దగ్గర పచ్చ బోర్డు మీద తెల్లక్షరాలు వెలిశాయి.

ఇక మిగిలింది మనుషులకు చెప్పుకోవడం. ఇద్దరం సంతకు వెళ్ళాం. అక్కడ మంగి చింతపండు అమ్ముతుంది. మంగి పుట్టిల్లు బీజాపూర్ వైపు తర్రెం దగ్గర. తెలుగు తెలిసిన దోర్లా తెగ పిల్ల కాబట్టి మాతో తెలుగు మాట్లాడుతుంది. గంగేకు కోడలై బెల్టు కింది ఊరికి వచ్చింది. ఆయన ఆమె ఎదురుగా గొంతుకూర్చొని, ఈ ఏడు ఉరుము పోగానే బెల్టు కదులుతుంది, ఎక్కొద్దు అని చెప్పాడు.

మంగి నవ్వేసింది. "ఏంది సారూ, మీ బెల్టు మంచిది గద. ఉరిమితే ఆగి చానాసేపు పండుకుంటది. మేం దాని మీదనే కూసోని బోడాకు మట్టి దులుపుకుంటం. పిల్లలకు బువ్వ గూడ ఆడనే పెడతం."

అంతకుముందు వాళ్ళు భయపడుతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని గబగబా దాటేవారట. ఆయన ఇచ్చిన ఇరవై నిమిషాలు ఆ భయాన్ని పోగొట్టాయి. మంచికి పోతే ఇదా జరిగేది అని నాకు ఏడుపొచ్చింది.

"ఇక పండుకోదు మంగీ. నా మాట నమ్ము."

"సరే సారూ, మా ఊళ్ళె చెప్త. అవతలి ఊళ్ళోళ్ళకు ఎవరు చెప్తరు? వాళ్ళు ఈ బజారుకు రారు. అయినా నీ బెల్టే గద, నువ్వే ఆపరాదా?"

"ఇప్పుడు నాది కాదు" అన్నాడు. మంగి నా వైపు చూసింది. నేను చింతపండు వైపు చూశాను.

ఆ అవతలి ఊళ్ళకు కూడా ఆయన మోటారుసైకిలు మీద వెళ్ళాడు. హిందీలో కొంత, అక్కడి హల్బీ భాషలో కొంత చెప్పాడు. కంపెనీ మనిషి భూమి అడగడానికి వచ్చాడనుకొని ఒక ఊళ్ళో ఇళ్ళలోకి వెళ్ళి తడికెలు మూసుకున్నారు. ఇంకో ఊళ్ళో ఆయతు అనే పెద్దమనిషి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అంతా విన్నాడు. విన్నాక, బోడా ఏరుకోవద్దని చెప్పడానికి మీరెవరని అడిగాడు. ఆ పెద్దమనిషి అడిగినదాంట్లో తప్పు లేదు.

జూన్‌లో మబ్బులు దిగిన రోజున ఆయన పొద్దున్నే గొడుగు పట్టుకొని వంపు దగ్గరికి పోయాడు. గేటు పాసు ఇంకా పని చేస్తోంది. ఉరిమింది, బెల్టు ఆగింది, పొదల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. మంగి ఊరివాళ్ళు రాలేదు. వచ్చినవాళ్ళకు చేతులూపి అరిచి చెప్పాడట. పిచ్చివాడనుకొని నవ్వారట. కమ్లీ అనే పిల్ల బెల్టు మధ్యలో నిలబడి వెనకవాళ్ళ బుట్టలు అందుకుంటోంది. వాన ఇంకా తెరిపివ్వకముందే బెల్టు కదిలింది. ఆయన తాడు లాగాడు. కమ్లీ బోర్లా పడింది, గడ్డం చీలింది గానీ, అంతకు మించి ఏమీ కాలేదు. గార్డులొచ్చి ఆయన్ని జీపెక్కించారు. అనుమతి లేకుండా బెల్టు ఆపాడని గేటు పాసు లాక్కున్నారు. నెలాఖరు దాకా కూడా ఆగలేదు.

నేను బడి నుంచి వచ్చేసరికి తడిబట్టలతోనే లాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నాడు. కొత్తల్లుడి నుంచి మెసేజీ ఉంది.

"కిషోర్ గారూ, ఈ రోజు వంపు దగ్గర తాడు లాగినట్టు నమోదైంది. యంత్రంలో లోపమేమీ కనబడలేదు. కారణం తెలిస్తే చెప్పగలరా?"

"చూశావా, దీనికి చెప్పాలి, ఇదొక్కటే అడుగుతోంది" అంటూ ఆయన గబగబా టైపు చేస్తున్నాడు. కమ్లీ పేరు రాశాడు. సగంలో తెర తెల్లబడి, లాగిన్ మూసేశామని వచ్చింది. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. చేతి మీద చెయ్యి వేసి నేనే ఆపాను.

తర్వాత ఆయన పాత స్నేహితులకు ఫోన్లు చేశాడు. అందరూ బాగా మాట్లాడారు, ఎవరికీ ఖాళీల్లేవు. ఇద్దరు ఎదురు తననే అడిగారు, ఎక్కడైనా ఉంటే చెప్పమని. బెల్టు పనిలోకి కొత్తగా ఎవరినీ తీసుకోలేదని తేజ చెప్పాడు. కనీసం వానాకాలం పోయేదాకా వంపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టమని ఆయన బతిమాలాడు. పైకి రాశానన్నాడు తేజ. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ ఉరిమింది. బడికి సెలవు, ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. హోరు ఆగింది. ఆయన తింటున్న కంచం వదిలేసి చెప్పులు వేసుకున్నాడు. గేటు దగ్గర గార్డులు లోపలికి పోనివ్వరని ఇద్దరికీ తెలుసు. అడవిలోంచి చుట్టు తిరిగి వంపుకు చేరాలంటే ఉరుము ఆయన కోసం ఆగదు. మంగి దగ్గర ఫోన్ లేదు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

వాన పడుతుండగానే హోరు మళ్ళీ మొదలైంది.

నేను అమ్మవారికి దండం పెట్టుకోబోయి, ఏమని మొక్కుకోవాలో తెలియక నిలబడ్డాను. బెల్టు ఆగితే ఎవరో దాని మీద పడ్డట్టు. ఆగకపోతే ఎవరూ పడలేదని అనుకోవడానికి లేదు, వంపు దగ్గర తాడు లాగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

"ఆగిందా?" అన్నాడాయన, తన చెవులను తనే నమ్మనట్టు.

"లేదండీ" అన్నాను.

ఇద్దరం అలాగే వింటూ నిలబడ్డాం. వాన వెలిసింది, పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసుకోవడానికి బయటికొచ్చారు. బెల్టు ఆగలేదు.